కాపాడతామని వచ్చారు, కూల్చి పోయారు – లిబియా లెక్క అడుగుదాం



2015 జులై 29. లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలోనూ దాని శాఖలోనూ పనిచేస్తున్న నలుగురు భారతీయులు ఇక అక్కడ ఉండటం మంచిది కాదని ఇంటిదారి పట్టారు. ట్రిపోలీ చేరి, ట్యునీషియా మీదుగా స్వదేశం రావాలని వాళ్ల ఆలోచన. సిర్తే దాటి యాభై కిలోమీటర్లు పోయేసరికి ఒక చెక్‌పోస్టు దగ్గర సాయుధులు పట్టుకున్నారు. కర్ణాటకకు చెందిన ఇద్దరిని రెండు రోజుల్లో వదిలేశారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకరిది ఆంధ్రప్రదేశ్, ఒకరిది తెలంగాణ. వాళ్లు బయటపడేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. ఏడాది దాటిన చెర! ఆ రోజుల్లోనే మన ఆంధ్ర డాక్టరు ఒకాయన్ను ఐసిస్ ముఠా పట్టుకుపోయి, గాయపడ్డ తమ మనుషులకు ఆపరేషన్లు చేయమని మెడ మీద కత్తి పెట్టింది. ఆయన 2017 ఫిబ్రవరిలో ఒంటి మీద తూటా గాయాలతో విడుదలయ్యారు.

మనం పేపర్లో చదివాం. అయ్యో పాపం అనుకున్నాం. వదిలేశారని తెలిశాక హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేశాం. అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. సిర్తేలో ఐసిస్‌కు ఏం పని? అది లిబియాను ఏలిన నియంత గడాఫీ పుట్టిన ప్రాంతం. జిహాదీ అన్న అనుమానం వస్తే చాలు, ఆయన పోలీసులు మనిషిని మాయం చేసేవాళ్లు. అలాంటి ఊళ్లో, ఆయన పాలన కూలి నాలుగేళ్లు తిరక్కుండానే ఐసిస్ నల్లజెండా ఎలా ఎగిరింది?

ఈ కరపత్రం ఆ ప్రశ్న గురించే.

గడాఫీని మేం వెనకేసుకు రావడం లేదు

ఈ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే చదవడం మానేసేవాళ్లు ఉంటారు. 1969 నుంచి 42 ఏళ్లు ఆ దేశాన్ని పిడికిట్లో పెట్టుకున్న నియంత గడాఫీ. 1996లో ట్రిపోలీలోని అబూసలీం జైల్లో దాదాపు 1,200 మంది ఖైదీలను కాల్చి చంపించారు. చనిపోయారన్న కబురు కూడా చాలా కుటుంబాలకు ఏళ్ల తరబడి అందలేదు. 2011 ఫిబ్రవరిలో బెంగాజీ జనం వీధుల్లోకి వచ్చింది ఆ కుటుంబాల తరఫున వాదించే లాయరును అరెస్టు చేసినందుకే. ఆ తిరుగుబాటు న్యాయమైనది. దాని మీద తుపాకులు పేల్చడం నేరం.

అయితే అంతకు ఏడేళ్ల ముందు ఇదే నియంతతో చేతులు కలిపింది ఎవరో కూడా గుర్తు చేసుకోవాలి. 2003 డిసెంబరులో గడాఫీ తన మారణాయుధ కార్యక్రమాలను వదులుకుంటానన్నారు. 2004 మార్చిలో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లేయర్ ఆయన గుడారానికి వెళ్లి కరచాలనం చేశారు. ఆ నెలలోనే ఇంకో పని గుట్టుగా జరిగింది. అబ్దెల్ హకీం బెల్‌హాజ్ అనే గడాఫీ వ్యతిరేకిని, గర్భవతిగా ఉన్న ఆయన భార్యతో సహా బ్యాంకాక్‌లో పట్టుకుని, అమెరికా గూఢచారి సంస్థ తన విమానంలో ట్రిపోలీకి చేర్చి గడాఫీకి అప్పగించింది. ఉప్పందించింది బ్రిటన్ గూఢచారులు. బెల్‌హాజ్ ఒకప్పుడు అఫ్ఘానిస్తాన్ యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి, లిబియా ఇస్లామిక్ సాయుధ బృందానికి నాయకుడు. 2004లో ఉగ్రవాది అని ముద్ర వేసి చిత్రహింసలకు అప్పగించిన ఆ మనిషే, 2011 ఆగస్టులో ట్రిపోలీ సైనిక మండలి అధిపతిగా నగరంలో అడుగుపెట్టాడు. ఆ గెలుపుకు దారి వేసింది నాటో విమానాలు. 2018 మేలో బ్రిటన్ ప్రభుత్వం ఆయనకూ భార్యకూ క్షమాపణ చెప్పుకుంది.

శత్రువు ఎవరో, మిత్రుడు ఎవరో వాళ్ల అవసరాన్ని బట్టి మారిపోతుంటారు. ఆ మధ్యలో నలిగేది ఆ దేశపు మామూలు జనం.

ఒక తీర్మానం, ఏడు నెలల బాంబులు

2011 మార్చి 17న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం చేసింది. పౌరులను కాపాడటానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని అందులో రాసుకున్నారు. విదేశీ సైన్యం ఆక్రమించుకోకూడదనీ రాశారు. ప్రభుత్వాన్ని కూలదోయమని ఎక్కడా లేదు. పది దేశాలు సరే అన్నాయి. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటు వేయకుండా పక్కకు తప్పుకున్నాయి. అక్కడి వాస్తవ పరిస్థితి మీద నమ్మదగిన సమాచారం లేదనీ, తీర్మానాన్ని ఎవరు ఎలా అమలు చేస్తారో స్పష్టత లేదనీ మన ప్రతినిధి సభలోనే చెప్పారు. సరైన మాటే. కానీ ఆ మాట అన్నాక మన దేశం ఏం చేసింది? ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మార్చి 19న ఫ్రెంచి విమానాలు తొలి దాడి చేశాయి. ఆ నెల 31న నాటో మొత్తం పగ్గాలు చేతబట్టింది. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 15న, అమెరికా అధ్యక్షుడు ఒబామా, బ్రిటన్ ప్రధాని కామెరాన్, ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ ముగ్గురూ కలిసి పత్రికల్లో వ్యాసం రాశారు. గడాఫీ అధికారంలో ఉండగా లిబియాకు భవిష్యత్తు లేదని తేల్చేశారు. పౌరుల రక్షణ పేరుతో తెచ్చుకున్న అనుమతి అక్కడితో ప్రభుత్వాన్ని కూలదోసే యుద్ధానికి చీటీ అయిపోయింది.

రాజీ మార్గం అసలే లేదా? ఉంది. ఆఫ్రికా యూనియన్ ఒక శాంతి ప్రణాళిక తయారు చేసింది. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జాకబ్ జుమా నాయకత్వంలో ప్రతినిధులు ఏప్రిల్ 10న ట్రిపోలీ వెళ్లి గడాఫీని ఒప్పించారు కూడా. మర్నాడు బెంగాజీ తిరుగుబాటు నాయకులు కుదరదన్నారు. నెత్తి మీద నాటో విమానాలు తమవైపు ఎగురుతుంటే రాజీ పడాల్సిన అవసరం వాళ్లకేముంది? ఆ పరిస్థితిలో ఎవరైనా ఆ జవాబే చెబుతారు.

ఆయుధాల మీద నిషేధం ఉండగానే పశ్చిమ కొండల్లోని తిరుగుబాటుదారులకు తుపాకులు జారవిడిచామని ఫ్రాన్స్ జూన్ నెలాఖరున తానే ఒప్పుకుంది. అక్టోబరు 31 దాకా నాటో విమానాలు 26 వేలకు పైగా సార్లు ఎగిరాయి. వాటిలో దాడి కోసం ఎగిరినవి దాదాపు 9,700. బాంబులన్నీ సైనిక లక్ష్యాల మీదే పడ్డాయని నాటో చెప్పుకుంది. మానవహక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ ఎనిమిది దాడుల చోట్లకు వెళ్లి పరిశీలించి, కనీసం 72 మంది పౌరులు చనిపోయారని 2012లో నివేదిక ఇచ్చింది. అందులో 24 మంది పిల్లలు. ఆగస్టు 8న మాజెర్ అనే పల్లెలో ఒక్క రాత్రే 34 మంది పోయారు. మొదటి బాంబు పడ్డాక శిథిలాల్లోంచి మనుషులను లాగడానికి ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తే, వాళ్ల మీద ఇంకో బాంబు పడింది.

అక్టోబరు 20న సిర్తే నుంచి పారిపోతున్న గడాఫీ వాహనాల మీద నాటో విమానాలు దాడి చేశాయి. ఆయన ఒక తూములో దాక్కుంటే తిరుగుబాటుదారులు లాగి చంపారు. ఆ వార్త విన్న అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ టీవీ కెమెరా ముందే పకపకా నవ్వారు.

తాళం పగలగొట్టి తలుపులు బార్లా తెరిచి

అసలు కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది.

గడాఫీకి ఆయుధాల పిచ్చి. భుజాన పెట్టుకుని విమానాన్ని కూల్చగల చిన్న క్షిపణులే దాదాపు 20 వేలు కొన్నారని అమెరికా అధికారుల అంచనా. తుపాకులు, మందుగుండు, మందుపాతరలు ఎడారిలో గోదాములకు గోదాములు. ప్రభుత్వం కూలిన రోజున ఆ గోదాములకు కాపలా లేదు. పైనుంచి బాంబులు వేసినవాళ్లు కింద సైన్యాన్ని దింపలేదు కదా, ఎవరు కాపలా కాస్తారు? దొరికినవాడు దొరికినంత ఎత్తుకుపోయాడు. ట్రక్కుల కొద్దీ సరుకు సరిహద్దులు దాటింది.

2012 జనవరిలో మాలీలో తువారెగ్ తెగవాళ్ల తిరుగుబాటు మొదలైంది. గడాఫీ సైన్యంలో పనిచేసి, ఆయన పోయాక ఆయుధాలతో సహా ఇంటికి తిరిగొచ్చినవాళ్లే దాని వెన్నెముక. మార్చిలో రాజధాని బమాకోలో సైనిక కుట్ర జరిగింది. ఆ గందరగోళంలో అల్‌ఖైదా అనుబంధ ముఠాలు ఉత్తర మాలీని మింగేశాయి. వేసవి వచ్చేసరికి టింబక్టులో శతాబ్దాల నాటి సూఫీ సమాధులను పలుగులతో కూలగొడుతున్నారు. 2013 జనవరిలో అల్జీరియాలోని ఇన్ అమెనాస్ గ్యాసు ప్లాంటును ముట్టడించారు, దాదాపు 40 మంది బందీలు చనిపోయారు. ఆ నెలలోనే ఫ్రాన్స్ మాలీకి సైన్యం పంపింది. తాను పుట్టించిన మంటను తానే ఆర్పుతానంటూ! ఆ సైన్యం 2022 దాకా అక్కడే ఉంది. మాలీలో ఉగ్రవాదం తగ్గలేదు సరికదా, బుర్కినాఫాసో, నైజర్ దాకా పాకింది.

అది మనకెక్కడో దూరం అనుకోకండి. 2025 జులై 1న మాలీలోని కాయెస్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ మీద సాయుధులు పడి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. వాళ్లలోనూ ఒక తెలుగు మనిషి ఉన్నారు. పదేళ్ల తేడా, రెండు వేర్వేరు దేశాలు, అందరూ పొట్టకూటికి వెళ్లినవాళ్లే.

లిబియాలోనే ఏం జరిగిందో చూద్దాం. 2012 సెప్టెంబరు 11న బెంగాజీలో అమెరికా రాయబారి క్రిస్ స్టీవెన్స్‌ను చంపేశారు. ఏ నగరాన్ని కాపాడామని గొప్ప చెప్పుకున్నారో ఆ నగరంలోనే. 2014లో తూర్పు లిబియాలోని దెర్నాలో ఐసిస్ జెండా ఎగిరింది. 2015 ఫిబ్రవరిలో సముద్రం ఒడ్డున నారింజ రంగు బట్టలు వేసి 21 మంది క్రైస్తవ కూలీల తలలు నరికిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఇరవై మంది ఈజిప్టువాళ్లు, ఒకరు ఘనా దేశస్థుడు. ఆ వేసవికి సిర్తే మొత్తం ఐసిస్ గుప్పిట్లోకి వెళ్లింది. మన అధ్యాపకులు చెక్‌పోస్టులో చిక్కింది సరిగ్గా ఆ రోజుల్లో.

2016 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అమెరికా విమానాలు సిర్తే మీద 495 దాడులు చేశాయి. నేల మీద ప్రాణాలొడ్డి పోరాడింది మిస్రాతా నగర యువకులు, వందల మంది చచ్చిపోయారు. 2011లో గడాఫీ కోసం బాంబులు తిన్న సిర్తే, అయిదేళ్లకు ఐసిస్ కోసం మళ్లీ బాంబులు తింది. మొదటి దాడికి అమెరికా పెట్టుకున్న పేరు ఒడిస్సీ ఉషస్సు, రెండో దానికి ఒడిస్సీ మెరుపు. పేర్లు పెట్టడంలో మాత్రం వాళ్లకు సాటి లేదు.

తెలియక చేశారా?

తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు. 2007లో ఇరాక్‌లోని సింజార్ దగ్గర అమెరికా సైన్యానికి అల్‌ఖైదా చేర్పుల కాగితాలు దొరికాయి. ఇరాక్‌కు పోరాడటానికి వచ్చిన దాదాపు 600 మంది విదేశీయుల వివరాలు వాటిలో ఉన్నాయి. సౌదీల తర్వాత ఎక్కువమంది లిబియన్లు. ఏ ఊరు నుంచి అందరికంటే ఎక్కువమంది వచ్చారో తెలుసా? దెర్నా. తూర్పు లిబియాలో ఎవరి చేతికి ఆయుధం ఇస్తే ఏమవుతుందో నాలుగేళ్ల ముందే వాళ్ల సొంత సైనిక కళాశాల పరిశోధకులు రాసిపెట్టారు.

ఆ లిబియన్లు ఇరాక్‌కు ఎందుకు వెళ్లారు? 2003లో అబద్ధపు మారణాయుధాల సాకుతో అమెరికా, బ్రిటన్ ఇరాక్‌లో దిగాయి కనుక. దిగిన రెండు నెలలకే, మే 23న, అక్కడి అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేసేశారు. దాదాపు నాలుగు లక్షల మంది తుపాకీ పట్టడం తెలిసిన మగాళ్లు ఉద్యోగం, పరువు రెండూ పోగొట్టుకుని వీధిన పడ్డారు. వాళ్లలోని అధికారులు కొందరు తర్వాత ఐసిస్‌కు యుద్ధవ్యూహం నేర్పారు. ఐసిస్ నాయకుడు బగ్దాదీ 2004లో అమెరికా సైన్యం నడిపిన క్యాంప్ బుక్కా జైల్లో ఖైదీ. అక్కడ పరిచయాలు పెంచుకున్నవాళ్లు బయటికొచ్చి ఒక ముఠా కట్టారు. 2014 జూన్‌లో ఆ ముఠా మోసుల్‌ను పట్టుకుని, మన దేశపు 39 మంది భవన నిర్మాణ కూలీలను కాల్చి చంపింది. పంజాబు, హిమాచల్, బీహారు, బెంగాల్ బిడ్డలు వాళ్లు. నాలుగేళ్లు ఎదురుచూసిన కుటుంబాలకు చివరికి పెట్టెల్లో అస్థికలు వచ్చాయి.

ఇది ఏదో ఎర్రజెండా పార్టీవాళ్ల వాదన అనుకునేవాళ్లు ఉంటారు. బ్రిటన్ దేశీయ గూఢచారి సంస్థకు అధిపతిగా చేసిన ఎలైజా మానింగ్‌హాం బుల్లర్ 2010లో ఇరాక్ యుద్ధం మీద వేసిన విచారణ సంఘం ముందు చెప్పిన సాక్ష్యం చూడండి. ఇరాక్ యుద్ధం వల్ల తమ దేశపు యువతలో కొందరు తీవ్రవాదం వైపు మళ్లారని ఆమె ఒప్పుకున్నారు. దాడి చేస్తే అల్‌ఖైదా ముప్పు పెరుగుతుందని ముందే హెచ్చరికలు ఉన్నాయని 2016 జులైలో ఆ సంఘం ఇచ్చిన చిల్కాట్ నివేదిక చెప్పింది.

రెండు నెలలకు, 2016 సెప్టెంబరులో, అంటే మన అధ్యాపకులు విడుదలైన ఆ నెలలోనే, బ్రిటన్ పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ లిబియా మీద నివేదిక ఇచ్చింది. కమిటీలో అధికార పార్టీ సభ్యులే ఎక్కువ, అధ్యక్షుడూ ఆ పార్టీవాడే. బెంగాజీలో సామూహిక హత్యలు జరగబోతున్నాయన్న భయాన్ని అతిగా చూపారని తేల్చింది. నిఘా సమాచారం సరిగా లేదంది. తిరుగుబాటుదారుల్లో ఇస్లామిక్ తీవ్రవాదులు గణనీయంగా ఉన్నారని ప్రభుత్వం గుర్తించలేకపోయిందంది. పౌరుల రక్షణ అని బయల్దేరి ప్రభుత్వాన్ని కూలదోయడానికి జారిపోయారంది. దేశం ముక్కలవడానికీ, ఆయుధాలు చుట్టుపక్కలకు పాకడానికీ, ఉత్తరాఫ్రికాలో ఐసిస్ పెరగడానికీ ఆ జోక్యమే దారి తీసిందని రాసింది. ఇంకో లెక్క కూడా చూడండి: బ్రిటన్ బాంబులకు ఖర్చు పెట్టింది దాదాపు 32 కోట్ల పౌండ్లు, కూలిన దేశాన్ని నిలబెట్టడానికి ఇచ్చింది రెండున్నర కోట్ల పౌండ్లు.

ఈ ఒక్క లెక్క చాలు. మిగతాదంతా మర్చిపోయినా దీన్ని గుర్తుంచుకోండి.

నివేదిక వచ్చే ముందు రోజుల్లోనే కామెరాన్ ఎంపీ పదవికి రాజీనామా చేసి వెళ్లిపోయారు. తన పాలనలో అతి పెద్ద పొరపాటు లిబియాలో ఆ తర్వాతి రోజు కోసం ప్రణాళిక వేయకపోవడమేనని ఒబామా 2016లో ఒప్పుకున్నారు. అయితే జోక్యం మాత్రం సరైనదేనని అదే నోటితో అన్నారు! సర్కోజీ కథ మరీ విచిత్రం. 2007 ఎన్నికలకు గడాఫీ దగ్గర డబ్బు రాబట్టేందుకు తన అనుచరులు చేసిన ప్రయత్నాలకు సంబంధించి నేరపూరిత కుట్ర కేసులో పారిస్ కోర్టు 2025 సెప్టెంబరులో ఆయనకు అయిదేళ్ల జైలు శిక్ష వేసింది. మిగతా అభియోగాలు కొట్టేసింది. ఆయన అప్పీలుకు వెళ్లారు. బాంబులు వేసినందుకు మాత్రం ఏ కోర్టూ ఎవరినీ పిలవలేదు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. లిబియా మీద తొలి రోజున ఎగిరిన ఫ్రెంచి విమానాల్లో రఫేల్ ఉంది. పది నెలలకు, 2012 జనవరిలో, 126 యుద్ధవిమానాల టెండరులో మన దేశం రఫేల్‌నే ఎంచుకుంది. లిబియా వల్లే ఎంచుకున్నారని మేం అనడం లేదు. యుద్ధంలో వాడి చూపించిన సరుకుకు బజారులో గిరాకీ ఎక్కువ అన్నది మాత్రం ఆయుధాల వ్యాపారులందరికీ తెలిసిన సంగతి.

వాళ్ల ఇంటికీ చేరింది

2015 జూన్‌లో ట్యునీషియాలోని సూస్ బీచిలో ఒక యువకుడు తుపాకీతో 38 మంది పర్యాటకులను కాల్చేశాడు. వాళ్లలో 30 మంది బ్రిటన్‌వాళ్లు. అతనికి శిక్షణ దొరికింది పక్కనే ఉన్న లిబియాలో. 2017 మే 22న మాంచెస్టర్‌లో పాటల కచేరీ ముగిసి పిల్లలు బయటికొస్తుంటే ఒకడు తనను తాను పేల్చుకుని 22 మందిని చంపాడు. లిబియా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబంలో మాంచెస్టర్‌లోనే పుట్టినవాడు. 2014లో ట్రిపోలీలో అంతర్యుద్ధం ముదిరినప్పుడు అతన్ని బ్రిటన్ నౌకాదళమే తన ఓడలో ఎక్కించి కాపాడి తెచ్చింది.

ఆ పిల్లల తల్లిదండ్రుల కడుపుకోత మనకు తెలియనిది కాదు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు, దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన హైదరాబాద్ మనది. పిల్లల మధ్య బాంబు పేల్చినవాడికి ఏ చరిత్రా సాకు కాదు. వాడు హంతకుడు, అంతే. కానీ హంతకుడు చచ్చాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. వాడికి ఆయుధం, శిక్షణ, దాక్కునే చోటు ఎక్కడ దొరికాయి?

"మతోన్మాదమే అసలు కారణం, పాశ్చాత్యులను ఎందుకు తిడతారు?" అనేవాళ్లున్నారు. ఆ భావజాలం ఉంది, దానికి డబ్బు పోసిన గల్ఫ్ రాజులూ ఉన్నారు, కాదనం. కానీ ఆ భావజాలం పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. దాని చేతికి ఒక నగరం, ఒక ఖజానా, నెలనెలా జీతాలు ఇచ్చే స్తోమత ఎప్పుడు వచ్చాయో చూడండి. ప్రభుత్వం కూలిన చోటే వచ్చాయి. పక్కనే ఉన్న ట్యునీషియాలో 2011 జనవరిలో జనం తమ నియంతను తామే తరిమారు. ఎవరూ విమానాలు పంపలేదు. అక్కడి కష్టాలు తీరిపోలేదు, ప్రజాస్వామ్యం మళ్లీ కుంటుపడింది. కానీ అక్కడ ఒక ప్రభుత్వం మిగిలింది, గోదాములకు తాళాలు మిగిలాయి.

"మరి రష్యా, చైనా పుణ్యాత్ములా?" అనీ అడుగుతారు. కాదు. 2019లో ట్రిపోలీ మీదికి దండెత్తిన జనరల్ హఫ్తర్ వెనక రష్యా కిరాయి సైనికులు, యూఏఈ, ఈజిప్టు ఉన్నాయి. ట్రిపోలీ వెనక టర్కీ నిలబడింది. తలుపు పగిలిన ఇంట్లోకి అందరూ దూరతారు. పగలగొట్టినవాడు ఎవరన్నదే మా ప్రశ్న. ఈ రోజుకీ లిబియాలో రెండు ప్రభుత్వాలు. 2010లో మానవాభివృద్ధిలో ఆఫ్రికా ఖండానికే మొదటి స్థానంలో ఉన్న దేశం అది. 2023 సెప్టెంబరులో తుపాను వచ్చి దెర్నా ఎగువన రెండు డ్యాములు తెగితే వేల మంది సముద్రంలో కలిసిపోయారు. డ్యాములు పాతవి, మరమ్మతులు ఏళ్లుగా ఆగిపోయాయి, జనాన్ని ముందే ఖాళీ చేయించే నాథుడు లేడు.

ఇప్పుడు మనం ఏం చేయాలి?

మొదటిది మన ప్రభుత్వంతో. 2011లో మన దేశం భద్రతా మండలిలో సభ్యురాలు. అనుమానాలు సరిగ్గానే చెప్పింది, కానీ ఓటుకు దూరం జరిగి ఊరుకుంది. వ్యతిరేకంగా ఓటు వేసే ధైర్యం చేయలేదు. వీటో లేని దేశం వ్యతిరేకంగా వేసినా తీర్మానం ఆగేది కాదంటారు. నిజమే. కానీ ఆనాడు పక్కకు తప్పుకున్న వాటిలో వీటో లేని భారత్, జర్మనీ, బ్రెజిల్ అయినా "వద్దు" అని రాతపూర్వకంగా నిలబడి ఉంటే, నాటో తన యుద్ధానికి ప్రపంచం ఆమోదముద్ర వేసిందని చెప్పుకోగలిగేదా? ఆనాడు ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధిగా ఉన్న హర్‌దీప్ సింగ్ పురి తర్వాత ఈ జోక్యాలను విమర్శిస్తూ పుస్తకమే రాసి, కేంద్రమంత్రి అయ్యారు. పుస్తకంలో రాసిన మాట విదేశాంగ విధానంలోనూ కనిపించాలని అడుగుదాం. సైనిక చర్యకు అనుమతిచ్చే ఏ తీర్మానానికైనా గడువు తేదీ ఉండాలి, నెలనెలా లెక్క చెప్పాలి, బాంబు వేసిన దేశాలే పునర్నిర్మాణానికి డబ్బు కట్టాలి. ఈ షరతులు లేని తీర్మానానికి భారత్ వ్యతిరేకంగా ఓటు వేయాలి.

రెండోది అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడి అక్కడ ఓటుహక్కు పొందిన మన బంధువులతో. డాలస్‌లో, ఎడిసన్‌లో, లండన్‌లో ఉన్న మీ అన్నకో, చెల్లెలికో ఈ కాగితాన్ని వాట్సాప్‌లో పంపండి. అమెరికా చట్టం ప్రకారం కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు 60 రోజులకు మించి యుద్ధం చేయకూడదు. లిబియాలో ఆ గడువు 2011 మే 20న దాటిపోయింది. తాము చేస్తున్నది ఆ చట్టం చెప్పే యుద్ధం కిందికి రాదని ఒబామా ప్రభుత్వం వాదించి తప్పించుకుంది. తమ నియోజకవర్గం ప్రతినిధికి ఒక్క ఫోను చేసి, ఇంకోసారి ఆ వాదన ఒప్పుకోవద్దని చెప్పడం అక్కడివాళ్లకు పది నిమిషాల పని. సంక్రాంతికి సంబరాలు చేసే మన సంఘాలు ఏడాదికి ఒక్క సాయంత్రం ఈ మాట మాట్లాడితే ఏం పోయింది?

మూడోది మన ఇళ్లల్లో. విదేశాల్లో పనికి వెళ్లే ప్రతి కుర్రాడూ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరు అయిందో లేదో చూసుకోవాలి. ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల జాబితాలో లిబియా, ఇరాక్ ఉన్నాయి. మాలీ లేదు. యుద్ధాలు మ్యాపులో జరుగుతూ పోతుంటే జాబితా మాత్రం కదలడం లేదు. ఉగ్రవాద ముఠాలున్న మాలీ, బుర్కినాఫాసో, నైజర్ లాంటి సహేల్ దేశాలను కూడా అందులో చేర్చాలని మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కేంద్రాన్ని అడగాలి.

ఇంకొకటి. టీవీలో ఎక్కడో బాంబు పేలిందన్న వార్త రాగానే పక్కింటి ముస్లిం కుర్రాడి వైపు అనుమానంగా చూసే అలవాటును ఈ రోజే మానేద్దాం. సిర్తేలో, మోసుల్‌లో, టింబక్టులో ఆ ముఠాల చేతుల్లో చచ్చినవాళ్లలో అత్యధికులు ముస్లింలే.

అందరం కలిసి చేయగల పని ఒకటుంది, వెంటనే మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17, మొత్తం 42 మంది లోక్‌సభ సభ్యులు మనకున్నారు. పార్లమెంటులో ప్రశ్న వేయాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి వచ్చే సమావేశాల తేదీలు ప్రకటించగానే మీ ఎంపీ కార్యాలయానికి పదిమంది కలిసి వెళ్లండి. కింది ప్రశ్నను కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి:

"2011 నుంచి లిబియా, ఇరాక్, మాలీల్లో సాయుధ ముఠాల చేతుల్లో చిక్కిన భారతీయులు ఎంతమంది? వాళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లెందరు? తిరిగొచ్చినవాళ్లకు ఏం సాయం చేశారు? సైనిక జోక్యానికి అనుమతిచ్చే భద్రతా మండలి తీర్మానాల విషయంలో ప్రభుత్వ విధానం ఏమిటి?"

జవాబు వస్తే దాన్ని అచ్చు వేసి ఇదే వీధిలో పంచుదాం. ఎంపీ ప్రశ్న వేయకపోతే ఆ సంగతీ అచ్చు వేసి పంచుదాం.

– యుద్ధం వద్దనే తోటి పౌరులు

(చదివాక పారేయకండి. ఇంకొకరి చేతికివ్వండి. ఉర్దూ చదివే మిత్రులుంటే అనువదించి పెట్టమనండి.)